పొగ మణలిదా, చెత్తదా, ఢిల్లీదా? మాధవరం నుంచి అడిగినవారికి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఉత్తర చెన్నై మాధవరంలో నాలుగో అంతస్తు ఫ్లాటు. అమ్మగారికి ఆస్తమా, డిసెంబరు మొదలైనప్పటి నుంచి తెల్లవారుజామున దగ్గు ఎక్కువైంది. బాల్కనీలో చిన్న సెన్సర్ పెట్టారు, అది పొద్దున ఐదింటికి పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల లోపలి దాకా పోయే అతి సన్నటి ధూళి, 140 అని చూపిస్తోంది. మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకరు మణలి రిఫైనరీ అంటున్నారు, ఒకరు కొడుంగయ్యూరు చెత్తకుప్ప అంటున్నారు, ఇంకో పెద్దాయన "ఇదంతా ఢిల్లీ పొగ, మన చేతిలో ఏముంది" అని తేల్చేశారు. ఎవరి మాట నిజమో ఎలా తెలుసుకోవాలని అడిగారు.

ముగ్గురి మాటా ఏదో ఒక రోజు నిజమే. ఏ రోజు ఎవరిదో తేల్చడానికి 140 అన్న అంకె ఒక్కటీ చాలదు. ఆ గంటలో గాలి ఎటు నుంచి వీస్తోంది, ధూళితో పాటు ఇంకే వాయువు పెరిగింది, పక్క ఊళ్లలో కూడా పెరిగిందా, ఈ మూడూ కావాలి. ఈ మూడింట్లో ఏదీ డబ్బు పెట్టి కొనక్కర్లేదు.

నా సంగతి రెండు ముక్కల్లో. సొంతూరు సూళ్లూరుపేట పక్కన. ఇరవై మూడేళ్ల క్రితం చెన్నైలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో గాలి శాంపిళ్లు తీసే కుర్రాడిగా చేరాను, ఇప్పటికీ అదే పని. మేడలెక్కి మిషను పెట్టడం, మర్నాడు ఫిల్టరు తెచ్చి తూచడం. పీఎం 2.5 మిషను నిమిషానికి 16.7 లీటర్ల గాలి పీల్చి, అరచేతిలో సగం కూడా లేని గుండ్రటి తెల్ల ఫిల్టరు మీదుగా పంపిస్తుంది. ఇరవై నాలుగు గంటలకు 24 ఘనపు మీటర్లు. మన దేశంలో రోజు సగటుకు పెట్టిన పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. అంటే సరిగ్గా పరిమితి దగ్గరున్న రోజున ఆ ఫిల్టరు మీద పడేది ఒకటిన్నర మిల్లీగ్రాము లోపే, ఆవగింజంత బరువు కూడా ఉండదు. రంగు మాత్రం చాలా చెబుతుంది. భోగి మర్నాడు తీసిన ఫిల్టరు కాటుక పూసినట్టు ఉంటుంది. మెట్రో తవ్వకాల పక్కన పెట్టింది ఇటుక పొడి అద్దినట్టు ఉంటుంది. సముద్రం గాలి బాగా ఆడిన మే నెలలో అయితే తూచాక బరువు కనిపిస్తుంది గానీ కంటికి పెద్దగా ఏమీ కనబడదు. ఉప్పు కదా.

ముందు మీ సెన్సర్ సంగతి. అందులో ఉండేది చిన్న లేజరు. కణాలు ఎంత వెలుగు చెదరగొడుతున్నాయో చూసి లెక్క కడుతుంది. చెన్నైలో డిసెంబరు తెల్లవారుజామున గాలిలో తేమ తొంభై శాతం దాకా ఉంటుంది. ఆ తేమకు కణాలు నానిన సెనగల్లా ఉబ్బుతాయి, సెన్సరు వాటిని ఎక్కువ ధూళిగా చూపిస్తుంది. కాబట్టి మీ 140లో కొంత నీళ్లే. ఎంతో తెలియాలంటే మీకు దగ్గరున్న ప్రభుత్వ స్టేషన్ల రీడింగు అదే గంటకు చూడండి. మీకు కొడుంగయ్యూరు, మణలి దగ్గర. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్‌లో ఈ స్టేషన్ల డేటా పదిహేను నిమిషాలకొకటి చొప్పున, గాలి వేగం, దిక్కు, తేమతో సహా ఉచితంగా దింపుకోవచ్చు.

ఇంకో తికమక. మీరు చూసే 140 మైక్రోగ్రాములా, ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) అంకెనా? మొబైల్ యాపుల్లో చాలావరకు అమెరికా స్కేలు వాడతాయి. ఒకే గాలి, 60 మైక్రోగ్రాములు ఉంటే మన ఏక్యూఐలో 100 అని, అమెరికా స్కేలులో 150 దాటి వస్తుంది. గ్రూపులో సగం గొడవలు ఇక్కడే మొదలవుతాయి.

సెన్సరు పెట్టిన చోటు కూడా చూడండి. పక్క ఫ్లాటు బాల్కనీలో దోమల చుట్ట వెలిగిస్తున్నారా? కింద జనరేటర్ గొట్టం ఉందా? నవ్వకండి, నేనే ఇలాంటి చోట పరువు పోగొట్టుకున్నాను. పన్నెండేళ్ల కిందటి మాట. ఉత్తర చెన్నైలో ఒక మేడ మీద పది రోజులు మిషను పెట్టాం. ఎనిమిది గంటల షిఫ్టుకో ఫిల్టరు. రాత్రి షిఫ్టు ఫిల్టరు రోజూ నల్లగా వస్తోంది. ఎన్నూరు వైపు చిమ్నీలు కళ్లెదురుగా కనిపిస్తున్నాయి. ఇంకేం, థర్మల్ పొగే అని డ్రాఫ్టు రిపోర్టు రాసేశాను. మా సీనియర్ ఒకాయన ఫిల్టరు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "ఇవాళ రాత్రి ఆ మేడ మీదే పడుకో" అన్నారు. పడుకున్నాను. రెండున్నరకు మూడిళ్ల అవతల బేకరీ వెనక తలుపు తెరుచుకుంది. లుంగీ కట్టుకున్న ఒకతను చంకలో సరుగుడు కట్టెలు తెచ్చి పొయ్యిలో పేర్చాడు. పది నిమిషాల్లో పెంకుల మీదుగా తెల్లటి పొగ మెల్లగా పాకి, సరిగ్గా మా మిషను ఎత్తుకు వచ్చి ఆగింది. పైకి లేవదు, పక్కకు పోదు. ఆ పొగలో కూర్చుని నా రిపోర్టు గుర్తు చేసుకున్నాను. మర్నాడు చించేశాను.

పొగ అలా ఆగిపోవడానికి కారణముంది. రాత్రి నేల చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడి బరువెక్కుతుంది, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. మధ్యాహ్నం కిలోమీటరు ఎత్తు దాకా కలిసిపోయే పొగ, తెల్లవారుజామున కొద్ది పాటి ఎత్తులోనే ఇరుక్కుంటుంది. పొగ అంతే ఉన్నా గిన్నె చిన్నదైపోయింది. అందుకే పొద్దున ఐదు నుంచి ఎనిమిది వరకు అంకె ఎగబాకితే వెంటనే ఫ్యాక్టరీని తిట్టకండి, ముందు మీ వీధిని చూడండి. మీకు దగ్గర్లోనే జీఎన్‌టీ రోడ్డు మీద రాత్రంతా లారీలు. 2018 నుంచి ఆంధ్రా బస్సులు చాలావరకు మాధవరం బస్టాండు నుంచే. మెట్రో రెండో దశ పనులు. తెల్లారకుండానే ఊడ్చిన ఆకులకు నిప్పు పెట్టేవాళ్లు ప్రతి వీధికీ ఉంటారు.

పొడుగు చిమ్నీ తీరు దీనికి పూర్తిగా తలకిందులు. పెద్ద థర్మల్ యూనిట్లకు మన దేశంలో 275 మీటర్ల చిమ్నీ కడతారు. రాత్రి ఆ పొగ మూతకు పైన పోతుంది, కింద ఉన్నవాళ్లకు తగలదు. దీపం కింద చీకటి అంటారే, అచ్చం అదే. పొద్దెక్కాక నేల వేడెక్కి మూత విరిగినప్పుడు, పైన పోతున్న పొగ ఒక్కసారిగా కిందికి దిగుతుంది. అందుకని చిమ్నీ పొగ ముద్ర ఎక్కువగా తొమ్మిది నుంచి మధ్యాహ్నం లోపు కనిపిస్తుంది, అదీ చిమ్నీ కాళ్ల దగ్గర కాకుండా కొన్ని కిలోమీటర్ల అవతల. మధ్యాహ్నం సముద్రం గాలి లేచాక ఆ పొగ మీ వైపే లోపలికి నడుస్తుంది. మీ అమ్మగారి ఐదింటి దగ్గుకు వల్లూరు థర్మల్ కేంద్రం చిమ్నీ కారణమయ్యే అవకాశం తక్కువ. పదకొండింటికి గొంతు మండితే మాత్రం అనుమానించాల్సిందే.

ఇప్పుడు గాలి దిక్కు. వాస్తు పుణ్యమా అని మనవాళ్లకు ఈశాన్యం, ఆగ్నేయం కొత్తగా నేర్పక్కర్లేదు. డేటాలో దిక్కు డిగ్రీల్లో ఉంటుంది. సున్నా ఉత్తరం, 90 తూర్పు, 180 దక్షిణం. అది గాలి వచ్చే దిక్కు, పోయే దిక్కు కాదు. ఇది తిరగేసి చదివి రివర్సులో కంప్లైంటు పెట్టినవాళ్లను చూశాను. మీ ఇంటి నుంచి చూస్తే మణలి తూర్పు ఈశాన్యంలో నాలుగైదు కిలోమీటర్ల లోపు. అదే వైపు ఇంకా ముందుకు పోతే ఎన్నూరు, వల్లూరు థర్మల్ కేంద్రాలు, కామరాజర్ పోర్టు. కొడుంగయ్యూరు కుప్ప తూర్పుకు కాస్త ఆగ్నేయంగా ఉంటుంది. అంటే 40 నుంచి 70 డిగ్రీల మధ్య గాలి ఉన్న గంటలు ఒక జాబితా రాయండి, 100 నుంచి 120 మధ్యవి ఇంకో జాబితా. రెండు జాబితాల ధూళి సగటు వేరు వేరుగా చూడండి. ఎక్సెల్‌లో పావుగంట పని. గాలి వేగం సెకనుకు ఒక మీటరు కన్నా తక్కువ ఉన్న గంటల్ని పక్కన పడేయండి, అప్పుడు దిక్కుకు అర్థం లేదు.

దిక్కు ఒక్కటే చూస్తే మళ్లీ బేకరీ దగ్గరే బోల్తా పడతాం. ఆ గంటలో వాయువులు ఏం చేశాయో పక్కన పెట్టాలి. సల్ఫర్ డయాక్సైడ్ లేచిందంటే బొగ్గు, ఫర్నేస్ ఆయిల్, రిఫైనరీ వైపు చూడాలి. ఇవాళ బండ్లు వాడే పెట్రోలు, డీజిలులో గంధకం (సల్ఫర్) అతి తక్కువ, ట్రాఫిక్ వల్ల అది పెద్దగా లేవదు. కార్బన్ మోనాక్సైడ్, ధూళి కలిసి లేచి, సల్ఫర్ కదలకపోతే చెత్తో కట్టెలో కాలుతున్నట్టు. పీఎం 10, అంటే ఇంకాస్త లావు కణాలూ కలిసిన ధూళి, బాగా లేచి పీఎం 2.5 అంత లేవకపోతే అది రోడ్డు దుమ్ము, తవ్వకాల మట్టి. మోటుగా ఒక లెక్క, పీఎం 10లో 2.5 వాటా నలభై శాతం లోపుంటే దుమ్ము, అరవై దాటితే ఎక్కడో ఏదో కాలుతోంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సాక్షి నైట్రిక్ ఆక్సైడ్. ఇంజిన్ గొట్టంలోంచి వచ్చేది మొదట ఇదే. బయట ఓజోన్ తగలగానే కొన్ని నిమిషాల్లో నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది. తెల్లవారుజామున ఓజోన్ అయిపోతే ఇంకాస్త సేపు బతుకుతుంది, అంతే. ప్రభుత్వ డేటాలో ఈ రెండూ విడివిడిగా ఇస్తారు. నైట్రిక్ ఆక్సైడ్ గట్టిగా ఉంటే ఆ పొగ ఇప్పుడే పుట్టింది, కూతవేటు దూరంలో. అది దాదాపు లేకుండా ధూళి మాత్రం ఎక్కువుంటే పాత పొగ, ఎక్కడి నుంచో ప్రయాణం చేసి వచ్చింది. పాలు విరిగాయో లేదో వాసన చూసి చెప్పినట్టు, పొగ వయసు ఇలా చెప్పొచ్చు.

ఇక మీ గ్రూపులో పెద్దాయన ఢిల్లీ మాట. పూర్తిగా కొట్టిపారేయను. చలికాలంలో గంగా మైదానం పొగ బెంగాల్ మీదుగా బంగాళాఖాతంలోకి దిగి, ఈశాన్య గాలితో తీరం వెంబడి దక్షిణానికి వస్తుంది. 1999లో ఇండోఎక్స్ అనే అంతర్జాతీయ పరిశోధనలో విమానాలు, ఓడల మీద వెళ్లి కొలిస్తే, ఉత్తర హిందూ మహాసముద్రం మీద చలికాలంలో మందపాటి పొగపొర దొరికింది. కలకత్తా నుంచి చెన్నైకి గాలి దారిన సుమారు 1,350 కిలోమీటర్లు. గాలి సెకనుకు 5 మీటర్లుంటే గంటకు 18 కిలోమీటర్లు, డెబ్బై అయిదు గంటలు పడుతుంది. మూడు రోజులు దాటి ప్రయాణం చేసిన పొగలో లావు కణాలు రాలిపోతాయి, సల్ఫర్ వాయువు చాలావరకు సల్ఫేట్ కణాలుగా మారిపోతుంది, అది సన్నగా, సమంగా పరుచుకుంటుంది. అలాంటి పొగ మాధవరాన్ని మాత్రం ఏరుకుని పట్టుకోదు. ఆ రోజు వేళచ్చేరి, ఆలందూరు, గుమ్మిడిపూండి, తిరుపతి, పుదుచ్చేరి, అన్ని స్టేషన్లూ కలిసి మెల్లగా లేస్తాయి, రెండు మూడు రోజులు అలాగే ఉంటాయి. ఐదింటికి లేచి తొమ్మిదింటికి పడిపోయే కొండ లాంటి గీత ఢిల్లీది కాదు.

అంచనా వేయడానికి తేలిక దారి ఒకటుంది. ఆ గంటకు ఈ స్టేషన్లన్నిటిలో అతి తక్కువ రీడింగు ఏదో చూడండి. అది దాదాపుగా బయటి నుంచి వచ్చిన పునాది. మీ దగ్గరి స్టేషన్‌లో దాని మీద ఎంత ఎక్కువుందో అది ఊరిది, మీ పేటది. పునాది 35 ఉండి మీ దగ్గర 90 ఉంటే, 55కి జవాబు చెప్పాల్సినవాళ్లు ఇక్కడే ఉన్నారు. దూరం పొగను తిట్టడంలో ఒక సుఖముంది, ఎవరి తలుపూ తట్టక్కర్లేదు. పెద్దాయన్ని నొప్పించకుండా ఈ తీసివేత లెక్క గ్రూపులో పెట్టండి.

పొరుగు రాష్ట్రం సంగతి మనం తెలుగువాళ్లం కాబట్టి కాస్త ఇబ్బందిగానే మాట్లాడుకోవాలి. డిసెంబరులో తెల్లవారుజామున చెన్నైలో గాలి తరచు ఉత్తర వాయవ్యం నుంచి బలహీనంగా వస్తుంది. మీ ఇంటి నుంచి ఆ గీత పట్టుకుని పోతే ముప్ఫై కిలోమీటర్లకు గుమ్మిడిపూండి సిప్కాట్ పారిశ్రామికవాడ, అక్కడ ఇనుము, ఉక్కు మిల్లులు. ఇంకో ఇరవై కిలోమీటర్లు పోతే తడ, శ్రీసిటీ ఫ్యాక్టరీలు. గుమ్మిడిపూండి తమిళనాడు, తడ ఆంధ్ర. దాదాపు ఒకే గీత మీద ఉన్నాయి కనుక మాధవరంలో కూర్చుని దిక్కు మాత్రం చూసి ఏ రాష్ట్రమో చెప్పడం కుదరదు. అయితే గుమ్మిడిపూండిలో స్టేషన్ ఉంది. పొగ అటు నుంచి వస్తుంటే అక్కడ ముందు లేవాలి, తర్వాత మీ దగ్గర లేవాలి. గాలి సెకనుకు 2 మీటర్లుంటే ఆ ముప్ఫై కిలోమీటర్లకు నాలుగు గంటలు. అక్కడ రాత్రి ఒంటిగంటకు లేచి ఇక్కడ ఐదింటికి లేస్తే అనుమానం బలపడుతుంది. రెండూ ఒకేసారి లేస్తే రెండు చోట్లా మూత బిగుసుకుంది, అంతే. కృష్ణపట్నం థర్మల్ కేంద్రాలు ఇంకా పైన, మీకు దాదాపు సరిగ్గా ఉత్తరాన సుమారు 130 కిలోమీటర్లు. స్వచ్ఛమైన ఉత్తర గాలి సెకనుకు 5 మీటర్ల చొప్పున ఏడు గంటలకు పైగా నిలకడగా ఉంటే గానీ ఆ పొగ మీ దాకా రాదు. వచ్చినా పలచబడే వస్తుంది.

మార్చి దాటాక కథ తిరగబడుతుంది. దక్షిణ ఆగ్నేయ గాలికి ఎన్నూరు, మణలి పొగ మా సూళ్లూరుపేట వైపు నడుస్తుంది. ఆ రోజుల్లో మా మేనత్త ఫోన్ చేసి "మీ చెన్నై వాసన వచ్చిందిరా" అంటుంది. ఆవిడ ముక్కును నేను పూర్తిగా నమ్మను గానీ గాలి దిక్కు మాత్రం ఆ రోజు ఆవిడ పక్షమే.

దూరం పొగ దారి గీసి చూడాలంటే అమెరికా వాతావరణ సంస్థ నోవా వాళ్ల హైస్ప్లిట్ ఉంది, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఉచితం. ఊరి అక్షాంశ రేఖాంశాలిచ్చి, 72 గంటలు వెనక్కి, 100, 500, 1000 మీటర్ల ఎత్తుల్లో గీయమనండి. మూడు గీతలూ ఒకే వైపు నుంచి వస్తే నమ్మొచ్చు, మూడు మూడు దారులైతే ఆ రోజుకు వదిలేయండి. కుర్రాళ్లు ఒక గీత గీసి "పంజాబ్ గడ్డి పొగ" అని హెడ్డింగు పెట్టేస్తారు. ఆ గీత గాలి నడిచిన దారి చెబుతుంది, ఆ గాలి ఏం మోసుకొచ్చిందో చెప్పదు. వీధుల మలుపులు, సముద్రం గాలి సరిగ్గా ఎక్కడి దాకా వచ్చిందీ దానికి తెలియవు, కాబట్టి మణలిదా కొడుంగయ్యూరుదా అని దాన్ని అడగకండి.

ఉపగ్రహాల విషయంలోనూ అంతే. నాసా ఫర్మ్స్ మ్యాపులో మంటలు ఎర్ర చుక్కలుగా కనిపిస్తాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నల్లమల, శేషాచలం అడవుల మంటలు చూడటానికి బాగుంటుంది. 2022 ఏప్రిల్‌లో పెరుంగుడి డంపింగ్ యార్డు రోజుల తరబడి కాలినట్టు పెద్ద మంటైతే దొరుకుతుంది. మీ సందు చివర టైరు ముక్క కాలితే దొరకదు, ఈశాన్య రుతుపవనాల మబ్బుల్లో అసలేమీ దొరకదు. సెంటినెల్ 5పి ఉపగ్రహం నైట్రోజన్, సల్ఫర్ వాయువుల మ్యాపు చక్కగా ఇస్తుంది, కానీ మన మీదుగా పోయేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో. తెల్లవారుజాము నేరానికి అది సాక్షి కాలేదు.

ల్యాబ్‌లో అసలు తీర్పు ఫిల్టరు మీది రసాయనాలతో ఇస్తారు. పొటాషియం, లెవోగ్లూకోసాన్ అనే చక్కెర లాంటి పదార్థం ఉంటే కట్టె, ఆకు కాలినట్టు. ఆర్సెనిక్, సెలీనియం బొగ్గుకు గుర్తు. వెనేడియం, నికెల్ ఓడల నూనెకు, రిఫైనరీకి. 2020లో ఓడల ఇంధనంలో గంధకం పరిమితి మూడున్నర శాతం నుంచి అర శాతానికి తగ్గించాక ఆ గుర్తు కాస్త మసకబారింది. రాగి, యాంటిమొనీ బ్రేకుల అరుగుదల. బేరియం, స్ట్రాన్షియం దీపావళి. పదుల కొద్దీ ఫిల్టర్ల లెక్కల్ని కలిపి, ఏవి కలిసి లేస్తున్నాయో చూసి మూలాల వాటా విడదీస్తారు. కేంద్ర మండలి ఆరు నగరాల్లో చేయించిన పెద్ద అధ్యయనంలో చెన్నై కూడా ఉంది, ఇక్కడ ఆ పని ఐఐటీ మద్రాస్ చేసింది. ఇది ఇంట్లో చేసే పని కాదు, మీకు అవసరమూ లేదు.

భోగి గురించి ఒక్క మాట. 2018 భోగి నాడు చెన్నై విమానాశ్రయంలో పొగకు విమానాలు ఆగిపోయాయి. ఆ ఒక్క రోజు మాత్రం ఎవరి పొగ అని పరిశోధన చేయక్కర్లేదు. అమ్మగారిని ముందు రోజే లోపలి గదిలోకి మార్చండి, కిటికీ సందుల్లో తడిగుడ్డ పెట్టండి.

మీరు ఇప్పుడు చేయాల్సింది పదిహేను రోజుల నోటుబుక్కు. తారీఖు, దగ్గు మొదలైన గంట, సెన్సర్ అంకె, కొడుంగయ్యూరు, మణలి, గుమ్మిడిపూండి అంకెలు, గాలి దిక్కు, వేగం, సల్ఫర్, నైట్రిక్ ఆక్సైడ్, ఏదైనా వాసన. ప్లాస్టిక్ వాసన, కుళ్లిన గుడ్డు వాసన, కట్టె వాసన వేరు వేరుగా రాయండి, ముక్కును చులకన చేయకండి. ఈలోగా తెల్లవారుజామున కిటికీలు తెరిచే అలవాటుంటే మానుకోండి. గాలి బాగా కలిసే పన్నెండు నుంచి నాలుగు మధ్య తెరవండి, పదకొండింటి గొంతు మంట ఉన్న రోజు తప్ప. ఇన్‌హేలర్ మోతాదు సంగతి డాక్టరుగారే చెప్పాలి.

ఫిర్యాదు చేసేటప్పుడు "మణలి పొగ భరించలేకపోతున్నాం" అని రాస్తే ఫైలులో పడుకుంటుంది. "ఫలానా తారీఖుల్లో ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు వరకు, గాలి 50 నుంచి 65 డిగ్రీల నుంచి ఉన్నప్పుడు సల్ఫర్ డయాక్సైడ్ ఇంత లేచింది, మిగతా దిక్కుల్లో లేవలేదు" అని రాస్తే దానికి జవాబు రాయాల్సి వస్తుంది. రాష్ట్ర మండలికి ఇవ్వండి, కేంద్ర మండలి సమీర్ యాప్‌లోనూ పెట్టండి. వీధిలో చెత్త కాల్చడమైతే కార్పొరేషన్ వాళ్లకు, ఫొటో, టైముతో.

నోటుబుక్కు నిండాక ఇక్కడే పెట్టండి, చూస్తాను. ఆ పదిహేను రోజుల్లో కనీసం ఒక్కరోజు నాలుగున్నరకు లేచి మేడ ఎక్కండి, ఎక్కడైనా పొయ్యి వెలుగుతోందేమో.